రెండో పేజీలోని మూడు వాక్యాలు

జనవరి 12, సోమవారం

ఉద్యోగం పోయి పదకొండు రోజులు.

పోయింది అని రాయడం తప్పు. పోవడానికి అదేమన్నా గొడుగా? చేసినవాడెవడో చెప్పకుండా వాక్యం రాయకూడదని పదహారేళ్లు అందరికీ చెప్పినదాన్ని, సొంత డైరీలో ఆ తప్పు చేయను. మా మేనేజరు నన్ను తీసేశాడు.

మంచం పట్టిన మనిషిని పైకెత్తి చక్రాల కుర్చీలోకి దించే యంత్రం ఒకటి చేస్తుంది మా కంపెనీ. దాని మాన్యువల్ నాది. మనిషి ఒంటి కింద పట్టీ వేసి, ఆ పట్టీని కొక్కేనికి తగిలించి, కొక్కేన్ని తిప్పితే 'టక్'మని లాక్ పడాలి. చిక్కేమిటంటే సగం తిప్పినా 'టక్'మంటుంది. పరీక్షల ఇంజినీరు ఇసుక బస్తా తగిలించి, కొక్కెం సగమే తిప్పి నలభై సార్లు చూశాడు. పదకొండు సార్లు బస్తా కింద పడింది. ఆ కాగితం నాకు చూపించి, "ఇది ముందే చెప్పాలి మేడమ్" అన్నాడు. చెప్పాను. రెండో పేజీలో, పెద్ద అక్షరాల్లో, మూడు వాక్యాలు.

పట్టీ తగిలించిన ప్రతిసారీ కొక్కెం పూర్తిగా తిరిగిందో లేదో చేత్తో లాగి చూడండి. శబ్దం వినపడినంత మాత్రాన లాక్ పడినట్టు కాదు. మనిషి కింద పడవచ్చు.

మేనేజరు చదివి, "మాన్యువల్ తెరవగానే మనిషి పడతాడని ఉంటే ఎవరు కొంటారమ్మా? తీసుకెళ్లి చివర అనుబంధంలో పెట్టు" అన్నాడు.

"అనుబంధం ఎవరూ చదవరండీ" అన్నాను.

"అందుకే" అన్నాడు.

నేను మార్చలేదు. రెండు వారాలు తిరక్కుండానే నా కుర్చీ ఖాళీ చేయించాడు.

జనవరి 13, మంగళవారం

కోపమేమీ లేదు. బట్టల అల్మారా మూడుసార్లు సర్దాను.

జనవరి 16, శుక్రవారం

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. సంతకం పెట్టి పంపితే మంచి అనుభవ పత్రం ఇస్తారట. లేకపోతే చేరిన తేదీ, మానేసిన తేదీ తప్ప ఇంకేం రాయరట. సంతకం పెట్టాల్సిన చోటికి పైన రెండు ముక్కలు ఉన్నాయి. ఒకటి, నా ఇష్టపూర్వకంగానే మానేస్తున్నానని. రెండోది, ఆ హెచ్చరికను అనుబంధంలోకి మార్చమని సూచించింది నేనేనని.

మా ఆయన కళ్లజోళ్ల దుకాణం నుంచి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా చదివారు. రోజంతా అద్దాలు అరగదీసే మనిషి. దేన్నయినా వెలుతురుకు ఎత్తి చూడటం అలవాటు. ఉత్తరాన్ని కూడా దీపానికి ఎదురుగా పట్టుకుని చూశారు.

"పెట్టేసెయ్" అన్నారు. "నలభై ఆరేళ్ల వయసులో పత్రం లేకుండా ఎవరిస్తారు పని? ఆ యంత్రం నువ్వు చెయ్యలేదు, నువ్వు అమ్మట్లేదు. నీకెందుకు?"

అత్తయ్య లోపలి గది నుంచే అందుకున్నారు. ఆవిడ ముప్పై ఏళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. గోడ అవతలి మాట కూడా వినపడుతుంది. "ఒరేయ్, రోజుకి వెయ్యి అబద్ధాలు నా చెవిలోంచి వెళ్లేవి. ఒక్కటీ నాది కాదు. దాని చేత మాత్రం అబద్ధం రాయించకు."

ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. ఉత్తరం ఫ్రిజ్ మీద పెట్టాను, పారేయకుండా. కాగితాలు పారేయడం నా పద్ధతి కాదు కాబట్టి పెట్టాను, అంతే.

జనవరి 17, శనివారం

మూడో శనివారం. వెళ్లకూడదనుకుని వెళ్లాను.

నెలకోసారి బేకరీ మేడ మీద గదిలో మూడు బల్లలు జరిపి కూర్చుంటాం. మాన్యువళ్లు రాసేవాళ్లం పదిమంది, పన్నెండు మంది. సంఘం కాదు, చందా లేదు, అధ్యక్షుడు లేడు. టీ తాగుతాం, మా ఇంజినీర్లను తిట్టుకుంటాం, ఎక్కడ ఖాళీలున్నాయో చెప్పుకుంటాం. మా పనేమిటో ఇంట్లోవాళ్లకు కూడా సరిగ్గా అర్థం కాదు. అది చెప్పకుండానే తెలిసిన మనుషులు దొరికే చోటు అదొక్కటే.

దీన్ని మొదలుపెట్టింది పెద్దాయన. ముప్పై ఏళ్లు విమానాల మరమ్మతు పుస్తకాలు రాసి రిటైరయ్యారు. నా పక్కన ఎప్పుడూ వాషింగ్ మెషిన్ వదిన కూర్చుంటుంది. రాసేది వాషింగ్ మెషిన్ల గురించి, పిలుపు వదిన, అందరికీ. ఎదురుగా కార్డుల బాబు. అతనికి సొంత కన్సల్టెన్సీ ఉంది, పెద్ద కంపెనీలకు రాసేవాళ్లను కుదిరిస్తాడు. టీ కప్పు దించేలోపు చేతిలో విజిటింగ్ కార్డు పెడతాడు.

వరసగా ఎవరేం రాస్తున్నారో చెబుతున్నారు. నా వంతు వచ్చింది.

"అదే, మనిషిని ఎత్తే యంత్రం" అన్నాను.

"ఇంకా అవలేదా?" అంది వదిన.

"అవుతోంది."

ఇది అబద్ధం కాదు. వ్యాకరణంలో కాలం మాత్రమే తప్పు.

జనవరి 29, గురువారం

ఒక ఇంటర్వ్యూ. బాగా జరిగింది. అనుభవ పత్రం అడిగారు. లేదన్నాను. "పంపిస్తామండీ కబురు" అన్నారు.

ఫిబ్రవరి 9, సోమవారం

ఇంకో ఇంటర్వ్యూ. ఇదే మాట.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఎవరూ కబురు పంపలేదు. పంపకపోతే పోనీ. నిన్నటి కంపెనీవాళ్ల మిక్సీ మాన్యువల్ చూశాను, ఆరో పేజీలో ఒకే మాటకు మూడు రకాల స్పెల్లింగు. నేను లేని కొరత వాళ్లదే.

ఫిబ్రవరి 21, శనివారం

పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. "మా పాత కంపెనీలో ఒక సీనియరు పోస్టు పడుతోందమ్మా. నువ్వు ఎప్పుడన్నా మారాలనుకుంటే చెప్పు, నా మాట వింటారు వాళ్లు."

ఎప్పుడన్నా మారాలనుకుంటే. గొంతు దాకా వచ్చింది నిజం. "ఆలోచిస్తానండీ" అన్నాను, చేతిలో పది ఉద్యోగాలున్నదానిలా. తీసేసిన మనిషిగా కాకుండా, మారే మనిషిగా వెళ్తే తప్పేముంది అనిపించింది.

కార్డుల బాబు దూరం నుంచే మొత్తం విన్నాడు. "ఎత్తే యంత్రం ఎక్కడిదాకా వచ్చింది మేడమ్?" అన్నాడు.

"అచ్చుకి వెళ్తోంది" అన్నాను.

ఇదొక్కటీ నిజమే. నేను లేకుండా వెళ్తోంది.

మార్చి 3, మంగళవారం

మా ఆయన పనిచేసే దుకాణంలో ఇద్దర్ని తగ్గిస్తున్నారట. ఆయన్ని కాదు. ఈసారికి కాదు. భోజనం దగ్గర ఆ మాట చెప్పి, ఫ్రిజ్ వైపు చూశారు. నన్నేమీ అనలేదు. అంటే బావుండేది, తిరిగి అనడానికి వీలుండేది.

మధ్యాహ్నం ఆ ఉత్తరం కిందికి తీశాను. పక్కన పెన్ను కూడా పెట్టుకున్నాను. పెన్నులో ఇంకు ఉందో లేదో చూద్దామని.

ఉంది. మళ్లీ పైన పెట్టేశాను.

మార్చి 21, శనివారం

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

మేడ మీదికి వెళ్లేసరికి ఒక కొత్తమ్మాయి ఉంది. ఇరవై నాలుగేళ్లుంటాయేమో. సంచీ ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు, "ఒక వైద్య పరికరానికి రాస్తున్నానండీ. చేరి రెండు నెలలు. కంపెనీ పేరు చెప్పను, ఏమనుకోకండి. ఒక సందేహం ఉంది, అడగొచ్చా?" అంది.

"అందుకేగా కూర్చుంది మనం" అన్నారు పెద్దాయన.

మడత విప్పి ఒక కాగితం చదివింది. పట్టీ తగిలించిన ప్రతిసారీ, అని మొదలుపెట్టింది. మూడు వాక్యాలూ చదివింది. నేను పెట్టిన చోటే ఆగుతూ చదివింది.

"బాగా రాసిన హెచ్చరిక" అన్నారు పెద్దాయన. "ఒక్క మాట తీయడానికి లేదు. ఎవరు రాశారు?"

"నాకు ముందున్నావిడ అండీ. కానీ దీన్ని చివర అనుబంధంలో పెట్టమని ఆవిడే చెప్పారట. నాకేమో ముందు పేజీలో ఉండాలనిపిస్తోంది. అదే మా మేనేజరుతో అంటే, 'ఆవిడది పదహారేళ్ల అనుభవం, ఆవిడకంటే నీకెక్కువ తెలుసా' అన్నారు. చిన్నదాన్ని కదా, ఎటూ తేల్చుకోలేక వచ్చాను."

వదిన కప్పు కింద పెట్టింది. "మనిషి పడిపోతాడని రాసి, దాన్ని తీసుకెళ్లి వెనకాల దాచమందా? ఆవిడకి బుర్ర ఉందా అసలు?"

"అనుభవం ఉన్నావిడ చెప్పిందంటే ఏదో కారణం ఉంటుందిలే" అన్నాడు కార్డుల బాబు.

పెద్దాయన తల అడ్డంగా ఊపారు. "ఆవిడెవరో గానీ, నా దగ్గర పనిచేసుంటే ఆ రోజే ఇంటికి పంపించేవాణ్ణి."

నేను సంతకం పెట్టలేదు. పెట్టకపోయినా వాళ్లు పెట్టినట్టే వాడుకుంటున్నారు. ఉత్తరం ఫ్రిజ్ మీద ఉంది, నా పేరు మాత్రం ఆఫీసులో ఆ కొక్కేనికి కాపలా కాస్తోంది.

నోరు మూసుకుని కూర్చోవచ్చు. పెద్దాయన చెప్పిన ఉద్యోగంలో చేరవచ్చు. ఆ పనికిమాలిన ఆవిడ ఎవరో ఈ గదిలో ఎవరికీ తెలియదు. నేనూ వాళ్లతో కలిసి ఆవిణ్ణి నాలుగు మాటలు అనవచ్చు. ఇవన్నీ ఆలోచించలేదని రాస్తే అది మరో అబద్ధం. టీ చల్లారేదాకా ఆలోచించాను.

"ఆవిడ అలా చెప్పలేదు" అన్నాను.

"మీకెలా తెలుసండీ?" అంది కొత్తమ్మాయి.

"ఆవిడ నేనే."

కొత్తమ్మాయి చేతిలోని కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

ముందు తేరుకున్నవాడు కార్డుల బాబు. "మీరు అక్కడే పనిచేస్తున్నానన్నారుగా? పోయిన నెల కూడా అన్నారు, అచ్చుకి వెళ్తోందని."

"అబద్ధం చెప్పాను. రెండు నెలలూ చెప్పాను. డిసెంబరు నెలాఖరుతో తీసేశారు నన్ను. ఈ మూడు వాక్యాలు మార్చనన్నందుకే."

"మరి ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఎలా నమ్మాలి?"

అతని ప్రశ్న న్యాయమైనదే. ఒళ్లు మండింది, అయినా న్యాయమైనదే.

"నమ్మొద్దు" అన్నాను. "నన్ను నమ్మాల్సిన పని లేదు. ఇసుక బస్తా పరీక్షకి ఒక నివేదిక ఉంది, దాన్ని అడగండి. నలభై సార్లలో పదకొండు సార్లు పడింది. ఆ బస్తాకి నేనెవరో తెలీదు."

కొత్తమ్మాయి కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. "నేను మానేయాలా అక్కా?" అంది. అప్పటిదాకా అండీ అన్న పిల్ల అక్కా అనేసరికి కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాను.

"మానేయకు. నువ్వు మానేస్తే మూడో మనిషిని తెచ్చుకుంటారు. ఒకే ఒక్క ప్రశ్న మెయిల్లో అడుగు. ఈ మార్పు ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఎక్కడ రాసి ఉంది. జవాబిస్తే దాచుకో. ఇవ్వకపోతే అదీ దాచుకో."

పెద్దాయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. వెనక్కి తిరక్కుండానే, "నీ గురించి మాట్లాడానమ్మా వాళ్లతో. మంచి చోట పనిచేస్తోంది, అయినా వచ్చేలా చూస్తానని చెప్పాను. నా పేరు పెట్టి చెప్పాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకోవాలి" అన్నారు.

"తీసుకోండి" అన్నాను.

మెట్లు దిగి వచ్చేశాను. వదిన వెనకాలే దిగింది. బేకరీ గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "బుర్ర లేదన్నది నిన్ను కాదే" అంది. తర్వాత, "కానీ మాకెందుకు చెప్పలేదే?" అంది. నవ్వాను. తను నవ్వలేదు, నేనూ ఎంతోసేపు నవ్వలేదు.

మార్చి 22, ఆదివారం

వైద్య పరికరాల తనిఖీ శాఖకు ఫిర్యాదు రాశాను. ఒకటిన్నర పేజీ. విశేషణాలు వేయలేదు. మేనేజరు గురించి తొమ్మిది విశేషణాలు వచ్చాయి, తొమ్మిదీ కొట్టేశాను.

దానికి జతగా ఏం పెట్టాలా అని చూస్తుంటే అత్తయ్య ఫ్రిజ్ మీదున్న ఉత్తరం తీసుకొచ్చి నా ముందు పడేశారు. "ఆ సలహా నువ్వు ముందే ఇచ్చుంటే, ఇప్పుడు సంతకం కోసం వెంటపడటం ఎందుకే? ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

రెండు నెలలుగా నా నెత్తి మీదున్నది నాకు తట్టలేదు. ఆవిడకు తట్టింది.

ఆయన మొత్తం చదివారు. ఈసారి దీపం దగ్గర కాదు, కూర్చుని. రెండో పేరాలో ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ తేదీ రాయలేదు" అన్నారు. తేదీ రాశాను.

మార్చి 24, మంగళవారం

రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. భయంగా లేదు. రసీదు ఎక్కడ పెట్టానో నాలుగుసార్లు చూసుకున్నాను.

మార్చి 30, సోమవారం

కొత్తమ్మాయి ఫోను. మెయిల్ పెట్టిందట. పరీక్షల ఇంజినీరుకి కూడా ప్రతి పంపిందట. మేనేజరు జవాబివ్వలేదు, పిలిచి, "ఇలాంటివి రాతలో అడక్కూడదమ్మా" అన్నాడట. పరీక్షల ఇంజినీరు మాత్రం ఒక్క వాక్యమూ రాయకుండా నివేదిక జతచేసి అందరికీ తిరిగి పంపించాడట.

"అందరికీ అంటే?"

"ఆఫీసులో అందరికీ అక్కా. క్యాంటీనాయన కూడా చదివాడు."

చాలా రోజుల తర్వాత కడుపునిండా నవ్వాను.

ఏప్రిల్ 4, శనివారం

పెద్దాయన ఇంటికి వచ్చారు. ఫోనైనా చేయకుండా. అత్తయ్య మంచినీళ్లిచ్చి, తన గదిలోకి వెళ్లి, తలుపు కొంచెం తెరిచే ఉంచారు.

తిడతారనుకున్నాను. గ్లాసు వైపే చూస్తూ చెప్పారు. "ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేత ఒక వాక్యం తీయించారమ్మా. చక్రాల బిగింపు గురించి. తీశాను. ఏమీ జరగలేదు. ఏ విమానమూ పడలేదు. ఆ ఏమీ జరగకపోవడాన్ని పట్టుకునే ముప్పై ఏళ్లు బతికాను. మొన్న నువ్వు మెట్లు దిగి వెళ్తుంటే నీ మీద వచ్చిన కోపం, అది నువ్వు అబద్ధం చెప్పినందుకు కాదు."

ఆయన గ్లాసులో మళ్లీ నీళ్లు పోశాను. "ఉద్యోగం సంగతి మాత్రం ఏం చేయలేనమ్మా. వేరే ఎవరినో తీసుకున్నారు" అన్నారు.

"ఫర్వాలేదండీ."

"ఫిర్యాదు పంపావని విన్నాను. విచారణకి పిలిస్తే చెప్పు. ఆ వాక్యాలు అక్కడెందుకు ఉండాలో చెప్పడానికి వస్తాను. విమానాలవాడి మాట వింటారు జనం."

ఏప్రిల్ 18, శనివారం

వెళ్లాను. కార్డుల బాబు రాలేదు. కంపెనీలకు మనుషులను ఇచ్చేవాడు ఇలాంటి చోట కనపడితే వ్యాపారం దెబ్బతింటుందని వదినతో అన్నాడట. అతనితో పాటు ఇంకో ముగ్గురు మానేశారు. నావల్లే. ఆ గదిలో ఖాళీ కుర్చీలు చూస్తే బాధ వేసింది. తప్పు చేశాననిపించలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చు.

వదిన తన కంపెనీలో మూడు నెలల కాంట్రాక్టు పని ఇప్పించింది. పత్రం అడగలేదు. రెండు పేజీలు రాయించి చూశారు. ఆరబెట్టే యంత్రాల మాన్యువల్. సోమవారం నుంచి.

మే 6, బుధవారం

తనిఖీ శాఖలో విచారణ. మేడ మీద పొడుగాటి గది, ఒక బల్ల. బల్ల పక్కన ఆ యంత్రం. దాన్ని ఆఫీసు బయట చూడటం ఇదే మొదటిసారి. మామూలు ఇంటి పడకగదిలో పెడితే గది నిండిపోతుంది కదా అనిపించింది.

అధికారిణి యాభై దాటిన మనిషి. మాట మెత్తన. మా వైపు నేను, పెద్దాయన, కొత్తమ్మాయి. ఆమె రావాల్సిన పని లేదు, సెలవు పెట్టి వచ్చింది. ఎదురుగా మేనేజరు, వాళ్ల వకీలు. మేనేజరు నన్ను చూసి, "బావున్నారా మేడమ్?" అన్నాడు, పెళ్లిలో కలిసినట్టు. "బావున్నాను" అన్నాను. నిజంగానే బావున్నాను.

వకీలు నా గురించి చాలా చెప్పాడు. ఉద్యోగం పోయిన కక్షతో ఫిర్యాదు చేశానని, తోటివాళ్లతో కూడా అబద్ధాలు ఆడానని, అది నలుగురి ఎదుటా ఒప్పుకున్నానని. బేకరీ గది సంగతి అక్కడిదాకా ఎవరు మోశారో అడగక్కర్లేదు.

"నిజమేనా?" అంది అధికారిణి.

"నిజమేనండీ. అబద్ధం ఆడాను. కక్ష కూడా ఉంది. అయినా కొక్కెం సగంలోనే 'టక్'మంటుంది."

పెద్దాయన దగ్గారు. నవ్వు ఆపుకోవడానికని తర్వాత చెప్పారు.

మేనేజరు నెమ్మదిగా వివరించాడు. యంత్రం పూర్తిగా సురక్షితమైనదని, హెచ్చరిక ఎక్కడికీ పోలేదని, నూట పద్నాలుగో పేజీలో ఉందని, శ్రద్ధగా చదివేవాళ్లకు కనపడుతుందని. అధికారిణి అన్నీ రాసుకుంది. రాసుకుని లేచి యంత్రం దగ్గరికి వెళ్లింది. పట్టీ తగిలించి, కొక్కెం తిప్పింది. గది మొత్తానికి వినపడేలా 'టక్'మంది. ఆమె చెయ్యి తీసేసింది. కొక్కెం సగంలోనే ఉంది.

"నూట పద్నాలుగో పేజీ దాకా చదవని మనిషి ఇక్కడితో ఆపేస్తాడు కదండీ" అంది. "ఇంట్లో మంచం పట్టిన అమ్మ ఉంటుంది, కూతురు ఒక్కత్తే ఉంటుంది, తొందరలో ఉంటుంది. 'టక్'మంది, చాలనుకుంటుంది."

"శిక్షణ ఇస్తామండీ మేము" అన్నాడు మేనేజరు.

"సరే. పూర్తిగా సురక్షితం అన్నారుగా." ఆమె పట్టీని చేత్తో సరిచేసి, పక్కకు జరిగి, అతనికి దారి ఇచ్చింది. "మీరొకసారి కూర్చోండి."

మేనేజరు నవ్వాడు. వకీలు వైపు చూశాడు. వకీలు కాగితాలు సర్దుకుంటున్నాడు. "నాకు నడుం నొప్పండీ" అన్నాడు మేనేజరు.

"కూర్చుంటే చాలు. ఎత్తేది యంత్రమే."

అతను లేచాడు. రెండడుగులు వేశాడు. కొక్కెం వైపు చూశాడు, నేల వైపు చూశాడు. అది పాలరాతి నేల. మేమంతా చూస్తున్నాం.

మేనేజరు చెయ్యి చాపి కొక్కేన్ని పూర్తిగా తిప్పబోయాడు.

"చాలండీ" అంది అధికారిణి, తన కుర్చీలోకి వెళ్లి పెన్ను అందుకుంటూ. "మీరిక కూర్చోనక్కర్లేదు."